వారానికో గంట ఆట

మీ ఇంట్లో ఏడాది నిండిన పాపాయి ఉందనుకోండి. మాటలింకా సరిగా రాలేదు. "అత్త", "తాత" అని రెండు మూడు ముక్కలు పలుకుతుంది. పొద్దున లేచింది మొదలు రాత్రి నిద్రపోయేదాకా ఆ పిల్లతో ఇంట్లో ఎవరు, ఎంతసేపు మాట్లాడుతున్నారో ఒక్కసారి లెక్క వేసి చూడండి. స్నానం, పాలు, అన్నం, నిద్ర అన్నీ వేళకు జరుగుతాయి. వీటి మధ్య మాట ఎంత? "మాటలు రాని పిల్లతో ఏం మాట్లాడతామండీ!" అనే తల్లులు మనలో తక్కువేమీ కాదు.

పెద్ద కుటుంబాల్లో ఈ పని ఎవరూ చెప్పకుండానే జరిగిపోయేది. ఒళ్లో కూర్చోబెట్టుకుని తారంగం ఆడించే నానమ్మ, చిట్టి వేళ్లు ఒక్కొక్కటే ముడిచి లెక్క చెప్పే తాతయ్య, లక్కపిడతల్లో గుజ్జనగూళ్లు వండి పెట్టే అక్కలు ఉండేవాళ్లు. పొట్ట చేతబట్టుకుని ఊరుగాని ఊరు వచ్చిన మనవాళ్లలో ఎందరిళ్లలో ఇప్పుడు ఆ నానమ్మ ఉంది? షోలాపూరులో బీడీలు చుట్టే తల్లికి వెయ్యి బీడీలకింత అని కూలి. చేట ఒళ్లో పెట్టుకుని తల వంచితే మళ్లీ తల ఎత్తే తీరిక ఉండదు. పాప పక్కనే ఉంటుంది, పోనీ ఏడవడం లేదు కదా అనుకుంటుంది తల్లి. ఏడవని పిల్ల మంచి పిల్ల అని మనవాళ్ల మాట ఒకటుంది కదా!

పెంపకం మీద ఉపన్యాసం ఇవ్వాలని ఈ వ్యాసం మొదలుపెట్టలేదు. పసివాళ్లను ఆడించడం, మాట్లాడించడం అనే పనిని ఒక ప్రజా కార్యక్రమంగా నడిపితే నిజంగా మేలు జరుగుతుందా, జరిగితే ఎంత, దానికి ఎంత ఖర్చు అని తూకం వేసి చూసినవాళ్లున్నారు. ఆ తూకాల్లో ఒకటి మన పక్కనే, ఒడిశాలోని కటక్‌లో జరిగింది.

కటక్ బస్తీల్లో

2013-15 మధ్య కటక్ నగరంలోని 54 బస్తీల్లో 421 మంది చంటిపిల్లలను ఎంచుకున్నారు. మొదలుపెట్టేనాటికి వాళ్ల వయసు 10 నుంచి 20 నెలలు. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ పరిశోధకులు పథకం వేస్తే, ప్రథమ్ సంస్థ దాన్ని నడిపింది. బస్తీల పేర్లకు చీటీలు వేసినట్టుగా వేసి రెండు భాగాలు చేశారు. ఒక భాగంలోని పిల్లల ఇళ్లకు వారానికోసారి ఒక అక్క వెళ్లేది. రెండో భాగానికి ఎవరూ వెళ్లలేదు. ఇలా ఏడాదిన్నర.

ఆ వెళ్లే అక్క డాక్టరమ్మ కాదు, టీచరమ్మ కూడా కాదు. అదే చుట్టుపక్కల ఉండే మామూలు స్త్రీ. కొద్దిపాటి శిక్షణ ఇచ్చి పంపారు. ఆమె సంచీలో ఉండేవి కొన్న బొమ్మలు కావు. సీసా మూతలతో చేసిన గిలక్కాయ, గుడ్డపీలికల బంతి, గుడ్డబొమ్మ, ఒకదాని మీద ఒకటి పేర్చడానికి కోసిన ప్లాస్టిక్ సీసాలు, అట్టముక్కల మీద బొమ్మలు అతికించి కుట్టిన పుస్తకం. ఈ వారం ఒక ఆటవస్తువు ఇంట్లో వదిలి వెళుతుంది. వచ్చే వారం అది తీసుకుని ఇంకొకటి ఇస్తుంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఆ అక్క పిల్లను తాను ఆడించి వెళ్లిపోదు. తల్లి చేత ఆడిస్తుంది. బంతిని డబ్బాలో వెయ్యమని, బయటికి తియ్యమని పాపకు చెప్పడం, 'లోపల', 'బయట' అన్న మాటలు పలకడం, పాప చేసినప్పుడు చప్పట్లు కొట్టి మెచ్చుకోవడం అన్నీ తల్లి చేతనే. బట్టలు ఉతికేటప్పుడు ఎరుపు, పసుపు అని రంగులు చెప్పడం, కూరగాయలు తరిగేటప్పుడు పెద్దది, చిన్నది అని చూపడం కూడా అందులో భాగమే. వారంలో అక్క ఉండేది ఆ కాస్సేపు. మిగిలిన ఆరు రోజులూ ఆడించాల్సింది అమ్మే కదా!

సగం బస్తీలను వదిలెయ్యడం ఏం న్యాయం అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అనిపించింది. కానీ పిల్లల విషయంలో ఇంకో దారి లేదు. ఏ కార్యక్రమం లేకపోయినా పిల్లలు ఎదుగుతారు. ఏడాదిన్నర గడిస్తే ఎవరికైనా మాటలొస్తాయి, నడక వస్తుంది. కార్యక్రమం నడిపినవాళ్లు "చూశారా, మా పిల్లలు ఎంత చక్కగా మాట్లాడుతున్నారో" అని ఫొటోలు తీసి నివేదిక వేసుకోవచ్చు. అది కార్యక్రమం వల్ల వచ్చిందా, వయసు వల్ల వచ్చిందా అని తేల్చాలంటే అచ్చం అలాంటి పిల్లలే మరికొందరు పక్కన ఉండాలి. ఎలాగూ ఉన్న డబ్బు అందరికీ చాలనప్పుడు చీటీ వెయ్యడం కంటే న్యాయమైన పద్ధతి కూడా మరొకటి కనిపించదు.

ఫలితం ఇలా ఉంది. ఏడాదిన్నర చివర పరీక్షించి చూస్తే, ఆట అందిన పిల్లలు తెలివిలో స్పష్టంగా ముందున్నారు. ఈ తేడాను పరిశోధకులు చెప్పే అంకెల్లో కాక మనకు తెలిసేలా చెప్పుకుందాం. నూరుమంది పిల్లల్ని వరుసలో నిలబెడితే కింది నుంచి 50వ చోట ఉన్న బిడ్డ 64వ చోటికి జరిగినట్టు. మాట అర్థం చేసుకోవడంలో ఆ జరుగుడు 60వ చోటు దాకా. మాట పలకడంలో అంతకంటే కొంచెం తక్కువ.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. కార్యక్రమం ఆగిపోయిన నాలుగున్నరేళ్లకు, పిల్లలు ఏడేళ్లు దాటి బడికి వెళుతున్నప్పుడు, మళ్లీ వెళ్లి చూశారు. తెలివి పరీక్షలో అప్పటికి తేడా లేదు, మిగతా పిల్లలు వాళ్లను అందుకున్నారు. కానీ లెక్కల్లో మాత్రం ఆట అందిన పిల్లలు ఇంకా ముందే ఉన్నారు. చదవడం, రాయడంలోనూ కొంత ముందున్నారు, ఇది లెక్కలంత గట్టి ఫలితం కాదు. ఈ మేలు ఎక్కువగా కనిపించింది అందరికంటే పేదవాళ్ల పిల్లల్లో. పరిశోధకులు రెండు సంగతులూ దాచకుండా రాశారు. అందుకే నాకు ఈ లెక్క మీద నమ్మకం కలిగింది.

పాలపొడి, ఆట

ఈ పద్ధతి కటక్‌లో పుట్టింది కాదు. మన క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన జమైకాలో పుట్టింది. 1986-87లో కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పసివాళ్లను శాలీ గ్రంథామ్ మెక్‌గ్రెగర్, ఆమె సహచరులు నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు వారానికో కిలో పాలపొడి ఆహారం. ఒక గుంపుకు వారానికో గంట ఆట. ఇంకో గుంపుకు రెండూ. చివరి గుంపుకు ఏదీ లేదు. రెండేళ్లు నడిపారు. అప్పటికి పాలూ పనిచేశాయి, ఆటా పనిచేసింది, రెండూ అందినవాళ్లు అందరికంటే ముందున్నారు.

ఏళ్లు గడిచేకొద్దీ పాలపొడి వల్ల వచ్చిన తేడా మాసిపోయింది. ఆట తెచ్చిన తేడా నిలిచింది. ఆ పిల్లలు 22 ఏళ్ల వాళ్లయ్యాక వెతికి పట్టుకుని సంపాదన అడిగితే, పసితనంలో ఆట అందినవాళ్ల ఆదాయం అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువని 2014లో ప్రకటించారు. పాలు వద్దని దీని అర్థం కాదు, ఆకలితో ఉన్న పిల్ల ఆడుకోదు. పైగా 129 మంది అంటే చిన్న సంఖ్య. ఒక్క ఊరి ముచ్చట చూసి దేశమంతా ఇదే వేదం అనుకోకూడదు. అందుకే ఒక్కొక్క దేశంలో మళ్లీ మళ్లీ చేసి చూడవలసి వచ్చింది.

ఇంటింటికీ తిరగడం ఖర్చుతో కూడిన పని. ఒడిశాలోనే 192 గ్రామాల్లో, 1449 మంది తల్లీబిడ్డలతో ఇంకో తూకం వేశారు. కొన్ని ఊళ్లలో అక్క ఇంటికి వెళ్లింది. కొన్ని ఊళ్లలో తల్లులే పిల్లల్ని చంకనేసుకుని ఒకచోట కూడారు. కొన్ని ఊళ్లలో పోషకాహారం గురించి పాఠం మాత్రమే చెప్పారు. రెండేళ్ల తర్వాత చూస్తే, పాఠం ఒక్కటే విన్న ఊళ్ల కంటే ఇంట్లో ఆడిన పిల్లలూ, గుంపులో ఆడిన పిల్లలూ ఇంచుమించు ఒకే మేరకు ముందున్నారు. ఖర్చు మాత్రం ఒక్కటి కాదు. ఇంటికి వెళితే బిడ్డకు ఏడాదికి 135 డాలర్లు, అందరినీ ఒకచోట కూర్చోబెడితే 38 డాలర్లు. పంచాయతీ బడ్జెట్ రాసేవాళ్లు ఈ రెండు అంకెలూ గోడ మీద రాసిపెట్టుకోవచ్చు. ఊళ్లో గుడి అరుగు మీదో, అంగన్‌వాడీ గదిలోనో నలుగురు తల్లులు కూర్చుంటే ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారన్నది మనవాళ్లకు కొత్త సంగతి కాదు కూడా.

ఎక్కడ వమ్మయింది?

అన్నీ ఇలా కలిసివచ్చిన కథలే చెబితే మీరు నమ్మకూడదు. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థ పిల్లల కోసం మూడు పేరున్న కార్యక్రమాలు తెచ్చుకుంది. మూడూ వేరేచోట్ల పనిచేశాయని కాగితాల మీద రుజువులున్నవే. అయినా ఆ సంస్థ చీటీ పద్ధతిలో పరీక్ష పెట్టింది. 2012లో ఫలితాలు వచ్చాయి. అల్లరి మితిమీరిన చిన్నపిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే కార్యక్రమం బాగా పనిచేసింది. బడిలో చెప్పే ఇంకో పాఠక్రమం మొదటి ఏడాది కాస్త మేలు చేసి, రెండో ఏడాదికి చప్పబడిపోయింది. తల్లిదండ్రులదే మరొక శిక్షణకు అసలు తేడాయే కనిపించలేదు. ప్రజల డబ్బు ఖర్చుపెట్టి "ఇది పనిచెయ్యలేదు" అని బయటికి చెప్పుకున్న నగర పాలక సంస్థను నేను మెచ్చుకుంటాను. మన దగ్గర రిబ్బను కత్తిరించిన పథకం పనిచెయ్యలేదని ఎవరైనా చెప్పగా మీరు విన్నారా?

కొలంబియాలో జమైకా పద్ధతినే 96 పట్టణాల్లో, 1420 మంది పిల్లలతో నడిపారు. ఊళ్లో తల్లులు తమలో ఎన్నుకున్న స్త్రీలే ఇళ్లకు వెళ్లారు. ఏడాదిన్నర చివర పిల్లల తెలివిలో మేలు కనిపించింది. ఆపేసిన రెండేళ్లకు వెళ్లి చూస్తే ఆ మేలు మిగల్లేదు. జమైకాలో ముప్పై ఏళ్లు నిలిచినది, కటక్‌లో లెక్కల వరకైనా నిలిచినది, అక్కడ ఎందుకు నిలవలేదన్న దాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకు తోచినంతలో ఏడాదిన్నర ఆడించి చేతులు దులుపుకుంటే చాలదు. ఆ తర్వాత ఆ బిడ్డ వెళ్లే అంగన్‌వాడీ, బడి కూడా బాగుండాలి.

మన అంగన్‌వాడీ సంగతి

అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. ఇప్పుడు అంగన్‌వాడీ లేని ఊరు మన దేశంలో అరుదు. అయితే మూడేళ్లు నిండిన పిల్లకే అక్కడ చాప మీద చోటు, పాట, ఆట. మూడేళ్ల లోపు పిల్లకు దక్కేది చాలాచోట్ల ఇంటికిచ్చే పొడి పొట్లం, నెలకోసారి తూకం, టీకా. ఒడిశాలో ఛతువా అంటారు, తమిళనాట సత్తుమావు అంటారు. పేరేదైనా పొట్లం పొట్లమే. జమైకా లెక్కలో చెప్పాలంటే పాలపొడి అందుతోంది, ఆట అందడం లేదు.

కార్యకర్తను తప్పుపట్టి లాభం లేదు. ఒక్క మనిషి వంట చూసుకోవాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోనులో ఫొటోలు ఎక్కించాలి, పోలియో చుక్కలకు తిరగాలి, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా పట్టుకోవాలి. తమిళనాడులో కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు 320 అంగన్‌వాడీల్లో ఒక పరీక్ష చేశారు. కొన్ని కేంద్రాలకు పిల్లల చదువు కోసమే సగం పూట పనిచేసే ఇంకో మనిషిని ఇచ్చారు. చదువు చెప్పే సమయం రెండింతలైంది. ఏడాదిన్నరకు పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందుకు వెళ్లారు. అంతటితో ఆగలేదు. పాత కార్యకర్తకు చేతులు ఖాళీ అయ్యాయి కనుక ఆమె ఆరోగ్యం, ఆహారం పని శ్రద్ధగా చూసుకోగలిగింది. ఎదుగుదల ఆగిన పిల్లలు, తీవ్రంగా బక్కచిక్కిన పిల్లలు తగ్గారు. చదువు కోసం పెట్టిన మనిషి వల్ల పిల్లల ఒళ్లు కూడా బాగుపడిందన్నమాట.

కేంద్ర ప్రభుత్వం 2024లో 'నవచేతన' పేరుతో పుట్టుక నుంచి మూడేళ్ల దాకా ఏ నెలలో ఏ ఆట ఆడించాలో ఒక పట్టిక విడుదల చేసింది. అది మంచి పుస్తకమే. అయితే పుస్తకం రావడం వేరు, వారం వారం ఒక మనిషి తలుపు తట్టడం వేరు. కటక్‌లో పనిచేసింది ఆ తలుపు తట్టడం, ఆ తట్టిన మనిషి వెనక ఇంకొకరుండి సరిగా చేస్తోందా లేదా అని చూసుకోవడం.

ఇక్కడే స్థానిక సంస్థల పాత్ర వస్తుంది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదకొండో షెడ్యూలులో స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీలకు అప్పగించదగిన పనుల్లో ఒకటి. ఆచరణలో అంగన్‌వాడీ జీతం, సరుకు రాష్ట్ర శాఖ నుంచి వస్తాయి, పంచాయతీకి మిగిలేది గది, నీళ్లు, గోడకు సున్నం. అయినా చెయ్యాలనుకుంటే చోటు ఉందని కర్ణాటక చూపించింది. కూలికి వెళ్లే తల్లుల పసివాళ్ల కోసం గ్రామ పంచాయతీల్లో 4000 శిశుపాలన కేంద్రాలు తెరుస్తామని 2023లో ప్రకటించి, వాటికి 'కూసిన మనె' అని పేరు పెట్టింది. కన్నడంలో కూసు అంటే పసిబిడ్డ. పావగడ, బళ్లారి వైపు మన పాఠకులు తమ పంచాయతీలో అది ఉందో లేదో ఒకసారి కనుక్కోవాలి. ఉంటే అక్కడ పిల్లల్ని పడుకోబెడుతున్నారా, ఆడిస్తున్నారా అని కూడా కళ్లారా చూడాలి. యానాంలో చిక్కు వేరు. పుదుచ్చేరిలో 2006 తర్వాత చాలా ఏళ్లు స్థానిక ఎన్నికలే జరగలేదు, అడుగుదామంటే వార్డు మెంబరే లేడు.

ఏ భాషలో ఆడించాలి?

మన కుటుంబాలకు ఇంకొక సందేహం ఉంటుంది. అంగన్‌వాడీ అక్క ఒడియాలోనో, కన్నడంలోనో, మరాఠీలోనో మాట్లాడుతుంది. ఇంట్లో తెలుగు. పాపకు రెండూ కలిసి తికమక అవుతుందేమో, బడిలో వెనకబడుతుందేమో అని కొందరు తల్లులు తమకే సరిగా రాని భాషలో పిల్లతో నాలుగు ముక్కలు మాట్లాడి ఊరుకుంటారు. బరంపురంలోనూ, హోసూరులోనూ, షోలాపూరులోనూ ఈ ధోరణి మన కంటికి కనిపించేదే.

ఆ ఆటల పట్టిక చూస్తే ఈ భయానికి చోటు లేదు. అందులో ఉన్నదల్లా చూపించడం, పేరు చెప్పడం, జవాబు కోసం ఆగడం, మెచ్చుకోవడం. తల్లి నోటికి ఏ భాష ధారాళంగా వస్తుందో ఆ భాషలోనే ఇవి పండుతాయి. అరకొర భాషలో మాట్లాడే తల్లి తక్కువ మాట్లాడుతుంది, పిల్లకు తగ్గేది ఆ మాటలే. వీధిలో భాష పిల్లకు ఎలాగూ వస్తుంది, మనందరికీ అలాగే వచ్చింది. ఒడిశా ప్రభుత్వమే గిరిజన పిల్లలకు వాళ్ల ఇంటి భాషల్లో అంగన్‌వాడీ పాఠాలు తయారుచేయించింది. తెలుగువాళ్లు గుంపుగా ఉన్న వార్డులో తల్లుల ఆట తెలుగులో జరపమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మన సంఘాల్లో ఉగాదికి నాటకం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడుతున్నాం. మంచిదే. వాటి పక్కన వారానికి ఒక మధ్యాహ్నం సంఘం హాలు తాళం తీసి, మూడేళ్ల లోపు పిల్లలున్న తల్లులను కూర్చోబెట్టడానికి కరెంటు బిల్లు కంటే ఎక్కువ ఖర్చు ఉండదు. ఆడించడం వచ్చిన అమ్మమ్మలు మనలో ఇంకా ఉన్నారు. మరమగ్గాల వాడలో అయితే సాయంత్రం వేళ నప్పుతుందేమో, అది అక్కడి తల్లులను అడిగి పెట్టుకోవాలి. ఒక్కటే షరతు. పేర్లు రాసుకోవాలి, ఏ వారం ఎవరు వచ్చారో గుర్తు పెట్టాలి. నాలుగు వారాలు ఆడించి పండగ సీజనని ఆపేస్తే అది కటక్ పద్ధతి అనిపించుకోదు.

ఇంట్లోనే మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక గిలక్కాయ. చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి కడిగి ఎండబెట్టండి. అందులో రంగు రంగుల గుండీలు, సీసా మూతలు నాలుగైదు వెయ్యండి. బియ్యం, గింజలు వెయ్యకండి, చెమ్మకు పురుగు పడతాయి. మూత బిగించి బంక పెట్టి, దాని మీద గట్టి టేపు చుట్టండి. ఈ వయసు పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు కనుక రోజూ పాప చేతికిచ్చే ముందు మూత ఊడుతోందేమో ఒకసారి తిప్పి చూడండి. పాప ఊపినప్పుడు మీరు ఆగి వినండి, పాప ఆగినప్పుడు మీరు ఊపండి. వారం తర్వాత సీసా దాచేసి గుడ్డబంతి తియ్యండి. నెల తర్వాత మళ్లీ సీసా ఇస్తే పాపకు అది కొత్త బొమ్మే.